జనరేటరు పక్క గది

వద్దు తమ్ముడూ, ఈ గది వద్దు. బాగాలేదని కాదు. బాగానే ఉంది, ఆ బాగుండటంతోనే వచ్చింది చిక్కంతా. మరీ ఇంత ప్రశాంతంగా ఉంటే మనిషనేవాడు ఎలా ఉంటాడయ్యా లోపల?

అలా చూడకు. గది బాగుందని వద్దనేవాణ్ణి ఇప్పటిదాకా చూసి ఉండవు, నిజమే. వెనక తోట, కిటికీ అవతల నాలుగు చెట్లు, వాటి అవతల ఇసుక, ఇసుక అవతల నీళ్ళు. మెట్లు లేవు, స్నానాలగది లోపలే. దుప్పట్లు కూడా ఉతికినవే. వంక పెట్టడానికి లేదు. అందుకే వద్దు.

నువ్వు, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. మా ఆఖరి తమ్ముడి ఈడువాడివి. పైగా ఈ వసతిగృహం నీ సొంతమనీ, గదులు ఊడ్చేదీ నువ్వే, తాళాలు తీసేదీ నువ్వేననీ పడవలోనే చెప్పారు. సొంతంగా పనిచేసుకునేవాణ్ణి చూస్తే నాకు చనువు వచ్చేస్తుంది.

ఇదిగో, మా ఆవిడ రాసిచ్చిన చీటీ. మందుల చీటీ వెనక పెన్సిలుతో రాసింది. ముప్పయ్యేళ్ళు గ్రంథాలయంలో చేసింది కదా, అంకెలు వేసి రాయకపోతే తోచదు. ఒకటి, చప్పుడు ఉండకూడదు. రెండు, మెట్లు ఉండకూడదు. అది ఆవిడ మోకాలి కోసం. మూడు, పడవ దిగే చోటికి దగ్గర. నాలుగు, స్నానాలగది లోపల. అయిదు చూడు, ఈ అయిదోదే నాకు అర్థం కాలేదు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకునే చోటు, మంచి వెలుతురులో. ఎందుకటా? మేమేమన్నా చదరంగం ఆడతామా? ఆవిడకి గుర్రం ఎటు దూకుతుందో ఇప్పటికీ తెలీదు.

మొదటి అంకె కింద రెండుసార్లు గీత గీసింది. చూశావా?

అదీ నా బాధ.

సరే, నేను అడిగేది విను. ఆ వంటగది పక్కన, సిమెంటు గోడ వెనక ఒక గది ఉంది కదా. తలుపు మీద ఆకుపచ్చ రంగు ఊడిపోయి ఉంది. అది ఇవ్వు.

ఊఁ, అదే. జనరేటరు పక్కది.

నవ్వుతావేం? నాకు తెలుసు అది గదిగా ఇచ్చేది కాదని. పొద్దున పడవ దిగి ఇటు వస్తూ గోడ మీద అరచెయ్యి వేసి చూశాను. మొత్తం గోడ జ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. మంచం కోడు కూడా వణుకుతూ ఉంటుంది లోపల, చూడకుండానే చెప్పగలను. ఇదీ గది, అనుకున్నాను. పది రోజులు హాయిగా ఉండొచ్చు అనుకున్నాను.

పడవవాళ్ళు పడుకుంటారా అందులో? వాళ్ళని ఆ తోట గదిలో పడుకోబెట్టు పాపం. వాళ్ళకి మాత్రం పది రోజులు సెలవు వద్దా?

కాస్త ఇటు తిరిగి మాట్లాడు తమ్ముడూ. నువ్వు ఎప్పుడూ ఆ తాళాల పలక వైపు తిరిగే మాట్లాడతావు. మాట్లాడే మనిషి మొహం కనిపించకపోతే నాకు గౌరవంగా అనిపించదు. అది నా అలవాటు. ఇంకో మాట అంటాను, కోప్పడకు. ఆ మీసం కొంచెం కత్తిరించుకోరాదూ? పై పెదవి మొత్తం కప్పేసింది. గంభీరంగానే ఉంది, కాదనను. కానీ ఏమంటున్నావో... ఏమంటున్నావో అన్నప్పుడు మొహంలో భావం తెలీదు. అంతే, ఇంకేం లేదు.

మేము ఉండేది ఎక్కడో చెబితే నీకు ఈ గొడవ అర్థమవుతుంది. కింద రేకు పెట్టెల దుకాణం, పైన మేము. తెల్లారేసరికి సుత్తులు మొదలు. అయిదుగురు మనుషులు, అయిదు సుత్తులు, రేకు మీద. మా వీధిలో ఎవరూ మామూలుగా మాట్లాడరు. పాలవాడు అరుస్తాడు, పక్కింటి కోడలు అరుస్తుంది, పసిపిల్లల్ని కూడా అరిచే జోకొడతారు. ఒకరి మాట ఒకరికి వినపడదు. ఏంటీ అంటే ఏంటీ అనుకుంటాం రోజంతా. ఆ వీధిలో అందరం సమానం. ఒకరు ఎక్కువా, ఒకరు తక్కువా అన్నది లేదు.

ఆ ఇల్లు నేనే చూశాను. ఏరికోరి చూశాను. ఉద్యోగం దిగిపోయాక మారాం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి రెండు చెవులూ మూసుకుని, ఇంతకన్నా గోలగా ఉండే కొంప ఊళ్ళో దొరకలేదా మీకు అంది. గాలి బాగుంది కదే అన్నాను. గాలి! కింద కొలిమి.

ఆరేళ్ళు భరించింది తమ్ముడూ. మొన్నామధ్య ఒక రోజు పొద్దున్నే కాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు కూచుంది. పది రోజులు ఎక్కడికన్నా వెళదాం, చుట్టూ నీళ్ళుండాలి, చప్పుడు ఉండకూడదు, అక్కడికి వెళ్ళాక మీకొక మాట చెప్పాలి, అంది. అంది కాదులే, రాసింది. సుత్తుల గోల కదా, ముఖ్యమైనవన్నీ రాసే చూపిస్తుంది.

ఆ మాటేదో కూడా రాసెయ్యరాదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. రాసేది కాదట.

అదీ సంగతి. అందుకని నేను పొద్దుటి పడవకే వచ్చేశాను, ముందు వెళ్ళి మంచి గది చూస్తానని చెప్పి. ఆవిడ మధ్యాహ్నం పడవకి వస్తుంది. అవతలి ఒడ్డున ఆ టీ బల్ల దగ్గర సంచులు పెట్టుకుని కూచుని ఉంటుంది ఇప్పుడు. నేనిక్కడ ఆవిడ కోసం ఈ దీవిలోకెల్లా గోలగా ఉండే గది వెతుకుతున్నాను.

పాపమే. పాపం కాదని ఎవరన్నారు?

పోనీ వంటగది పైన గది చూద్దామా? గిన్నెల చప్పుడు, మనుషుల అరుపులు... మెట్లు ఎన్ని? చేత్తో చూపించు. పధ్నాలుగా? అబ్బే, కుదరదు. నిరుడు మా ఇంటి మెట్ల మీదే కూలబడిపోయింది. నా స్వార్థం కోసం ఆవిడ మోకాలు విరగ్గొట్టేంత దుర్మార్గుణ్ణి కాను. అంటే, ఆ ఒక్క విషయంలో కాను.

నేను గట్టిగా మాట్లాడుతున్నానా? అందరూ అంటారు. ఉద్యోగం అలాంటిది.

ఏం ఉద్యోగమా? అడిగావు కదూ? అడక్కపోయినా చెబుతాను.

మంచినీళ్ళ శాఖలో చేశాను, ముప్పయ్యారేళ్ళు. పంపులూ, బిల్లులూ కాదు. నాది వినే పని. నవ్వకు, నిజం. ఊరి కింద గొట్టాలుంటాయా, అవి ఎక్కడో పగులుతాయి. పైకి తడి కూడా తేలదు. నీళ్ళు మట్టిలోకి పోతూనే ఉంటాయి. ఎక్కడ పగిలిందో తెలియాలంటే ఊరంతా తవ్వలేం కదా. అందుకని నాలాంటివాడు ఒకడుంటాడు. నా నడుం ఎత్తున ఇనప కడ్డీ, దాని పైకొసకి చెక్క డిప్ప. కడ్డీ కొస గొట్టం మీద ఆనించి, డిప్పకి చెవి ఆనించి వినాలి. మంచి గొట్టం నిద్రపోయే బిడ్డలా ఉంటుంది. పగిలిన గొట్టం పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చినట్టు సన్నగా, ఎడతెగకుండా... ఆ సన్నటి చప్పుడుని బట్టి ఎంత లోతో, ఎన్ని అడుగుల దూరమో చెప్పేవాణ్ణి. సుద్దతో గుర్తు పెడితే అక్కడే తవ్వేవాళ్ళు. అక్కడే ఉండేది.

చెవిగారు అనేవాళ్ళు నన్ను. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. చెవిగారొస్తున్నారు, బళ్ళు ఆపండి, అని నాలుగు రోడ్ల కూడలిలో బస్సులు ఆపించేవాళ్ళు తమ్ముడూ! నేను రోడ్డు నడిమధ్య మోకాళ్ళ మీద కూచుని, డిప్పకి చెవి ఆనించి, చెయ్యి పైకెత్తితే ఊరు ఊరంతా నోరు మూసుకునేది. ఏ మంత్రికి జరిగింది ఆ మర్యాద?

మా కాలేజీలో ఒక మేష్టారుండేవారు, భౌతికశాస్త్రం చెప్పేవారు. గాజు బుడ్డీలో గంట పెట్టి, పంపుతో లోపలి గాలి లాగించేవారు. గంట నాలుక కొట్టుకుంటూనే ఉంటుంది, చప్పుడు మాత్రం సన్నగిల్లి, సన్నగిల్లి, పోతుంది. గంట ఆగలేదు, చూడండర్రా, మీకు చేరడం ఆగింది, అనేవారు. అప్పుడు పరీక్షకి రాసి పది మార్కులు తెచ్చుకున్నాను. అది మనుషుల గురించి కూడా చెప్పారని అప్పుడు తెలీదు.

ఎక్కడున్నాం? ఆఁ, గది. నువ్వొక చిన్న సాయం చెయ్యాలి. పడవ దిగగానే మా ఆవిడ నిన్నే అడుగుతుంది. తోట గది ఎవరో ముందే తీసుకున్నారమ్మా, ఉన్నది ఆ జనరేటరు పక్కదొక్కటే అని చెప్పు. నీ నోటి మీదుగా వస్తే నమ్ముతుంది. నా నోటి మీదుగా వచ్చినవి నమ్మడం మానేసి చాలా కాలమైంది. అబద్ధమే. కాదనను. కానీ ఎవరికీ నష్టం లేని...

ఎక్కడికి పోయావు?

ఏంటి కింద? తాళాలా? గుత్తి మొత్తం పడిపోయిందా నా వెనకాల? ఎప్పుడు?

కావాలనే పడేశావు కదూ.

ఆ చూపు నాకు తెలుసు. మా పాత శాఖలో కుర్ర ఇంజనీరు ఒకడు ఇలాగే చూశాడు. రాతి నేల మీద ఇన్ని ఇనప తాళాలు పడితే చచ్చినవాడు కూడా ఉలిక్కిపడాలి, ఈయన ఇంకా గోడకేసి చూస్తూ గది గురించి మాట్లాడుతున్నాడే అని. అంతేనా?

కూచో తమ్ముడూ. ఇలా, నా ఎదురుగా కూచో. వెలుతురు నీ మొహం మీద పడేలా. ఆఁ. అలా.

అవును. లేవు. చెవిగారికి చెవులు లేవు.

పూర్తిగా పోలేదు. సన్న చప్పుళ్ళు ముందు పోయాయి. తాళాలూ, చెంచాలూ, పక్షులూ, పగిలిన గొట్టాలూ. తర్వాత మాటలు. గొంతు ఉందని తెలుస్తుంది, అందులో మాటేదో తెలీదు. గోడ అవతల మనిషి మాట్లాడుతున్నట్టు. పెదవులు చూసి సగం, సందర్భం చూసి పావు, మిగతా పావు దేవుడి దయ. నీ మీసంతో ఆ సగం కూడా పోయింది. ఇందాకటి నుంచి నువ్వన్నవాటికి నేను చెప్పిన జవాబుల్లో ఎన్ని అతికాయో నీకే తెలియాలి.

ఇంత నవ్వొచ్చిందా? నవ్వు, నవ్వు. నవ్వు మాత్రం బాగా కనపడుతుంది.

ఎలా ఒప్పుకుంటాను చెప్పు? గాయకుడికి గొంతు పోతే జనం జాలిపడతారు. వినేవాడికి చెవి పోతే నవ్వుతారు. దిగిపోయే ముందు ఏడాది ఒక వీధిలో సుద్ద గుర్తు పెట్టాను, ఊహించి. మూడు రోజులు తవ్వారు. చుక్క నీళ్ళు లేవు. పగులు నలభై అడుగుల అవతల ఉంది. పాత పటం తప్పని అందరూ అనుకున్నారు. నేనూ అవునన్నాను. దిగిపోయే రోజున గోడ గడియారం ఇచ్చారు, బహుమానంగా. టిక్కుటిక్కుమంటుందట. నేను ముల్లు చూసుకుంటాను.

ఇంట్లో గడపడం కష్టమేం కాదు. నాకు నాలుగు జవాబులున్నాయి. ఆఁ ఆఁ. సరేలే. చూద్దాం. ఎందుకులే ఇప్పుడు. ఈ నాలుగూ మార్చి మార్చి వేస్తే కాపురం నడిచిపోతుంది తమ్ముడూ, నమ్ము. చెవులున్న మగవాళ్ళు కూడా అంతకన్నా ఎక్కువేం మాట్లాడరు.

పైగా మా ఆవిడది గ్రంథాలయం గొంతు. ముప్పయ్యేళ్ళు ఎవరికీ వినపడకుండా మాట్లాడటమే ఆవిడ ఉద్యోగం. కోప్పడినా పేజీ తిప్పినట్టుంటుంది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషి కాదు. అన్నదాన్ని రెండోసారి అనదు. పుస్తకాలకి అట్టలు వేస్తూ కూనిరాగం తీసేది ఒకప్పుడు. ఇప్పుడు తీస్తోందో లేదో నాకు తెలీదు. ఆవిడ పాడటం మానేసిందో, నాకు చేరడం మానేసిందో. అడగలేను కదా. పాడుతున్నావా అని అడిగితే, వినపడటం లేదా అంటుంది.

ఒక రోజు సాయంత్రం. అప్పటికింకా పాత ఇంట్లోనే ఉన్నాం, నేను దిగిపోయి నెల కూడా కాలేదు. ఆవిడ కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది, వీపు నా వైపు. నేను పేపరు చదువుతున్నాను. ఏదో అంది. గొంతు వచ్చింది, మాట రాలేదు. నాలుగు జవాబుల్లోంచి ఒకటి తీసి వేశాను. ఎందుకులే ఇప్పుడు, అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. అది చూశాను. కుళాయి కట్టేసింది. మళ్ళీ తిప్పి, గిన్నెలు కడుక్కుంది. నేను పేపరు తిప్పాను.

మూడు వారాలకి మా అత్తగారు పోయారు. మా బావగారి ఇంట్లో.

నేను వెళ్ళాను. ఆ గదిలో కుర్చీలన్నీ గోడలకి వేసి ఉన్నాయి. బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, బస్సు కండక్టరు. ఆయన రహస్యం చెప్పినా రెండు వీధులకి వినపడుతుంది. నా భుజం మీద చెయ్యి వేసి, బావగారూ, చెల్లెలు చెప్పింది, అమ్మని మీ ఇంటికి తీసుకెళ్ళడం మీకు ఇష్టం లేదని, పర్వాలేదులెండి, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి, ఆఖరి దాకా కూతురి పేరే తల్చుకుంది పాపం, అన్నారు.

ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. ప్రతి అక్షరం.

అప్పుడు తెలిసింది నాకు, ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఆవిడ ఏమడిగిందో.

ఎదురు గోడ దగ్గర నిలబడి ఉంది మా ఆవిడ. నన్నే చూస్తోంది. నేనేమంటానా అని. అప్పుడొక్క మాట అంటే సరిపోయేది తమ్ముడూ. నాకు వినపడలేదు, అని. రెండే ముక్కలు. నోటి దాకా వచ్చాయి. గది నిండా మనుషులు, అందరికీ నేను చెవిగారిని.

నీళ్ళు నమిలి, ఇల్లు ఇరుకు కదండీ అప్పుడు, అన్నాను.

ఇరుకు! మూడు గదుల ఇల్లు, ఇద్దరం మనుషులం.

ఆవిడ తల దించుకుంది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు, ఇవాళ్టి వరకూ. తన మాట నేను పెడచెవిన పెట్టాననుకుంది. అసలు చెవినే పడలేదని నేను చెప్పలేదు. గుండె లేనివాడు అనిపించుకున్నాను గానీ చెవి లేనివాడు అనిపించుకోలేకపోయాను. ఇదీ నా చదువు, నా సంస్కారం.

ఆ నెలలోనే రేకు పెట్టెల ఇల్లు చూశాను. మళ్ళీ అలాంటిది జరగకూడదని. ఆ గోలలో వినపడకపోతే తప్పు సుత్తులది.

చెవి మిషను పెట్టుకోవచ్చు కదా అంటున్నావు. నువ్వు చెవి ముట్టుకుని చూపించకపోయినా అదే అంటావని తెలుసు. కొన్నాను. పాత బూట్ల పెట్టెలో దాచాను. ఎందుకు పెట్టుకోనో చెప్పనా? పెట్టుకున్న రోజున ఆవిడ ఒక్కటే అడుగుతుంది. ఎప్పట్నుంచి? అంతే. ఎప్పట్నుంచి వినపడటం లేదండీ మీకు? రెండేళ్ళనుకో, మూడేళ్ళనుకో, అబద్ధం చెబుతాను. కానీ ఆవిడ లెక్క కట్టుకుంటూ వెనక్కి వెళ్ళే మనిషి. ఏ పుస్తకం ఏ అరలో ఎప్పుడు తప్పిపోయిందో పట్టుకునే మనిషి. వెనక్కి, వెనక్కి వెళ్ళి, ఆ కుళాయి దగ్గర ఆగుతుంది. ఆగి, అయితే ఆ రోజు మీరు వద్దనలేదా, అంటుంది. మరి ఆరేళ్ళు నన్నెందుకు అలా అనుకోనిచ్చారు, అంటుంది.

నా నాలుగు జవాబుల్లో ఏదీ దానికి సరిపడదు.

ఇప్పుడు తెలిసిందా జనరేటరు పక్క గది ఎందుకో? ఆ తోట గదిలో పది రోజులు. సుత్తి లేదు, బస్సు లేదు, పక్కింటి కోడలు లేదు. ఆవిడ గొంతూ, నేనూ. చుట్టూ నీళ్ళు, రోజుకి రెండే పడవలు. వినపడలేదనడానికి వంక ఏదీ? సముద్రం గోలగా ఉందందామా అంటే, ఇవాళ అది కూడా పళ్ళెంలో పోసినట్టుంది.

పైగా ఏదో ఒక మాట చెప్పాలట. ఏమై ఉంటుంది? చెప్పు, నువ్వు రోజూ పదిమంది మొగుడూ పెళ్ళాలని చూసేవాడివి. పది రోజుల సెలవు పెట్టుకుని, నిశ్శబ్దం వెతుక్కుని మరీ చెప్పే మాట ఏముంటుంది? మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను అంటుందా? వంట్లో ఏదైనా తేలిందా? మందుల చీటీ వెనక రాసిందంటే నాకు ఇటు తిప్పి చూడటానికి కూడా భయమేసింది. అవి మోకాలి మందులే. చూశాను.

నా భయం అది కూడా కాదు. ఏం చెప్పినా, నాకు అందకముందే నా నోరు సరేలే అనేస్తుంది. వెళ్ళిపోతానంటే సరేలే అంటాను. ఉండిపొమ్మంటారా అంటే చూద్దాం అంటాను. అలవాటు తమ్ముడూ. నేను కూచుని ఆలోచించి వేసే జవాబులు కావవి.

ఆగు. ఆ చీటీ ఇటివ్వు.

రెండు కుర్చీలు. ఎదురెదురుగా. మంచి వెలుతురులో.

నేనిందాక నిన్ను ఎలా కూచోమన్నాను?

నీ నోరు ఎందుకలా తెరుచుకుంది? నాకంటే ముందే నీకు తట్టిందా? తెలుసునంటావా ఆవిడకి? ఎప్పట్నుంచి తెలుసు? అరె, చూడు, నేనే అడుగుతున్నాను ఎప్పట్నుంచి అని.

అలా అయితే ముఖ్యమైనవన్నీ రాసి చూపించడం సుత్తుల గోల వల్ల కాదన్నమాట. మొహం నా వైపు తిప్పే దాకా మాట మొదలుపెట్టకపోవడం, అన్నం దగ్గర దీపం ఇటు జరపడం... నేను ఆవిణ్ణి మోసం చేస్తున్నాననుకుంటున్నాను, ఆవిడ దీపం జరుపుతోంది.

ఇది ఇంకా ఘోరం తమ్ముడూ. తెలియకపోతే చెప్పడానికి ఏదో ఒకటి మిగిలి ఉండేది. తెలిసీ అడగలేదంటే, నేనే చెబుతానని కూచుంది. ఆరేళ్ళ నుంచీ. నేను ఇంకో ఇల్లు, ఇంకా గోలగా ఉండే గది, వెతుకుతూ తిరుగుతున్నాను.

అదిగో, రేవు గుంజల మీద పక్షులన్నీ ఒక్కసారే లేచాయి. పడవ కూత వేసిందా? వేసే ఉంటుంది, నువ్వూ అటు తల తిప్పావు. మేష్టారి గంటలాంటివే అవి. చప్పుడు ఎగరడం మాత్రం కనిపిస్తుంది.

ఇవ్వు. ఆ తోట గది తాళం ఇవ్వు.

ఇవాళ చెప్పేస్తాను. ఆ కుర్చీలు కిటికీ దగ్గర వెయ్యి, ఎదురెదురుగా. ఆవిడ కూచోగానే, నోరు తెరవకముందే నేను చెప్పేస్తాను. ఆ రోజు నాకు వినపడలేదే, అని. ఎప్పట్నుంచి అంటే, అప్పట్నుంచే అని. తర్వాత ఆవిడ ఏమన్నా సరే, తిట్టినా సరే, పెదవులు కళ్ళార్పకుండా చూస్తాను. ఒక్క సరేలే కూడా అనను. నీ మీద ఒట్టు.

పద, నువ్వూ రా. సంచులు రెండున్నాయి. నీ వరండా నుంచి రేవు పది అడుగులేగా.

అదిగో, ఆ నీలం చీర, గొడుగు. పడవ దిగే చెక్క మీద అడుగు పెట్టడానికి భయపడుతోంది, మోకాలు కదా. నన్ను చూసింది. చెయ్యి ఊపింది. ఆ టోపీ అతన్ని కొంచెం పక్కకి జరగమను, అడ్డం ఉన్నాడు, మొహం కనపడటం లేదు. ఏదో అంటోంది. ఏదో అడుగుతోంది నన్ను. గొడుగు నీడ పడింది నోటి మీద.

ఆఁ ఆఁ! సరేలే! సరేలే!

...

చూశావా? నేను అనలేదు. నా నోరే అనేసింది.

ఏంటి తమ్ముడూ, ఆవిడ అక్కడే ఆగిపోయిందేం? సంచి కూడా పడవలోనే కింద పెట్టేసింది. పడవవాడితో ఏదో చెబుతోంది. నువ్వెందుకలా చూస్తున్నావు నా వైపు? నీకు వినపడింది కదా. ఇలా తిరుగు, వెలుతురులోకి. ఆ మీసం చేత్తో పైకెత్తి, నెమ్మదిగా చెప్పు.

ఇప్పుడు నేను దేనికి సరే అన్నాను?